తేట నీటిలో కొర్రమీను వేట

రాయలసీమ చెరువుల్లో నీరు ఏడాది పొడవునా ఒకే రంగులో ఉండదు. వానాకాలంలో వాగులు మోసుకొచ్చే ఒండ్రుతో ఎర్రగానో నల్లగానో ఉండే నీరు, కార్తీకం దాటేసరికి మట్టి అడుగుకు దిగిపోవడంతో మెల్లగా తేటపడుతుంది. పశువులు అంతగా దిగని చెరువుల్లోనైతే మాఘమాసం నాటికి ఒడ్డు పక్కనున్న రాళ్లూ నాచూ కట్ట మీది నుంచే కనిపిస్తాయి. కంటికి ఇంపైన ఈ తేటదనమే కొత్తగా గాలం పట్టినవారికి పెద్ద పరీక్ష, ఎందుకంటే మనిషికి చేప కనిపించే నీటిలో చేపకు మనిషి అంతకంటే ముందే కనిపిస్తాడు. అమెరికా సరస్సుల్లో బాస్ అనే చేపను పట్టేవారు నేర్చుకునే మెలకువల్లో చాలా భాగం ఈ ఒక్క చిక్కును దాటడానికి పుట్టినవే, అవి కర్నూలు, కడప నీళ్లలోనూ అక్కరకు వస్తాయి.

బాస్ ఉత్తర అమెరికాకు చెందిన మంచినీటి చేప. అది సీమ చెరువుల చేప కాదు, దానిని ఇక్కడికి తెచ్చుకోవలసిన అవసరమూ లేదు. 1925లో జపాన్‌లోని ఆషి సరస్సులో వదిలిన బాస్ ఆ తరువాత ఆ దేశంలోని ఇతర సరస్సులకు పాకి, స్థానిక చేపలకు తీరని నష్టం చేసింది. నీటి మొక్కల నీడలో కదలకుండా పొంచి ఉండి, దగ్గరకు వచ్చిన చిన్నచేపనో కప్పనో ఒక్క దూకుతో మింగే బాస్ పనిని ఇక్కడ కొర్రమీను చేస్తోంది. పామును తలపించే తల, గుండ్రని పొడవాటి ఒళ్లు, వీపు పొడవునా సాగిన రెక్క, వాడి పళ్లు గల ఈ చేప తెలంగాణకు రాష్ట్ర చేప కూడా. అయితే దాని స్వభావం చూస్తే కరువు నేలకే సరిపోయే చేప అనిపిస్తుంది: మొప్పలతో పాటు తలలో గాలి పీల్చుకునే ప్రత్యేక అవయవం ఉండడం వల్ల, ప్రాణవాయువు తగ్గిపోయిన ఎండాకాలపు మడుగులో ఇతర చేపలు తేలిపోతున్నా ఇది బతుకుతుంది, నీరు పూర్తిగా ఇంకిపోతే తడి బురదలో దూరి తరువాతి వాన కోసం కాచుకుని ఉంటుంది.

గాలిని పీల్చే ఈ గుణమే వేటగాడికి మొదటి ఆనవాలు. కొర్రమీను కొన్ని నిమిషాలకొకసారి నీటి పైకి వచ్చి, గుటక వేసినంత చప్పుడుతో గాలి తీసుకుని దిగిపోతుంది. ఆ చోట చిన్న వలయం పుట్టి విచ్చుకుంటూ పోతుంది. కొత్తవారు చెరువు చేరగానే గాలం విసరడానికి తొందరపడతారు గాని, మొదటి అరగంట గాలాన్ని పక్కన పెట్టి, ఏ జమ్ము దుబ్బు పక్కన వలయాలు పుడుతున్నాయో, ఎంత సేపటికొకసారి పుడుతున్నాయో చూస్తూ కూర్చోవడం కంటే మేలైన ఆరంభం లేదు. కొర్రమీను తావు పట్టి ఉండే చేప కనుక, గాలి పీల్చిన చోటికి అది మళ్లీ రావడానికే అవకాశం ఎక్కువ.

ఇక చేప చూపు సంగతి. నీటి అడుగు నుంచి పైకి చూసే చేపకు నీటి పైపొర అంతా కిటికీ కాదు. కాంతి గాలిలో నుంచి నీటిలోకి దిగేటప్పుడు వంగుతుంది. దీనినే వక్రీభవనం అంటారు. దాని వల్ల ఒడ్డు, చెట్లు, ఆకాశం, మనిషి అన్నీ కలిసి చేప తల మీద సుమారు 97 డిగ్రీల కోణంలో ఇమిడే ఒక వృత్తంలోకి కుదించుకుపోతాయి, ఆ వృత్తానికి వెలుపల నీటి పైపొర అద్దమై చెరువు అడుగునే చూపిస్తుంది. మీటరు లోతున ఉన్న చేపకు ఆ వృత్తం అడ్డకొలత దాదాపు రెండుంపావు మీటర్లు. నీటికి దూరంగా, తక్కువ ఎత్తులో ఉన్నవన్నీ ఆ వృత్తపు అంచున అణిగిపోయి సన్నగా, మసకగా కనిపిస్తాయి, ఎత్తుగా నిలిచినవి మాత్రం లోపలికి పొడుచుకు వస్తాయి. కట్ట మీద నిటారుగా నిలబడి చెయ్యెత్తి గాలం విసిరే మనిషి చేపకు స్పష్టంగా తెలుస్తాడు; అదే మనిషి కట్ట దిగువన, నీటి అంచుకు నాలుగడుగులు వెనక్కి, మట్టిరంగు బట్టల్లో కూర్చుని పక్కవాటుగా విసిరితే దాదాపు మాయమవుతాడు.

నీడ కూడా మనిషిని పట్టించేదే. ఉదయం పడమటి ఒడ్డున, సాయంత్రం తూర్పు ఒడ్డున కూర్చుంటే సూర్యుడు ఎదురుగా ఉండి నీడ వెనక్కి పడుతుంది. అప్పుడు నీటి మీది తళుకు కళ్లలో కొడుతుంది కాబట్టి, ఒక దిశలో కంపించే కాంతిని ఆపివేసే పోలరైజ్డ్ కళ్లద్దాలు పెట్టుకుంటే ఆ తళుకు తగ్గి నీటి లోపల ఉన్నది కనిపించసాగుతుంది. గాలం, దారం తరువాత కొనదగిన వస్తువు ఇదే. నిట్టనిలువుగా చూసినప్పుడు నాలుగడుగుల లోతున ఉన్న చేప మూడడుగుల లోతులోనే ఉన్నట్టు తోస్తుందని, వాలుగా చూస్తే ఇంకా పైకి వచ్చినట్టు భ్రమ కలుగుతుందని గుర్తుంచుకోవాలి. చేప ఒంటి పక్కన తల నుంచి తోక దాకా సాగే పార్శ్వరేఖ నీటి అదురును పసిగడుతుంది కనుక, కట్ట రాతిపేర్పు మీద వదులు రాళ్లు దొర్లించుకుంటూ నడవడం నీడ కంటే పెద్ద తప్పు.

ఎక్కడ విసరాలనే ప్రశ్నకు సీమ చెరువులే జవాబు చెబుతాయి. కడప జిల్లా పోరుమామిళ్లలో బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు కట్టించిన అనంతరాజ సాగరం దగ్గర 1369 నాటి శాసనం ఉంది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను అది వివరిస్తుంది. ఆ ఆరింటిలో చెరువు నడుమ మిట్ట ఉండడం ఒకటి. నీటిని నిలపాలనుకున్నవారికి అది దోషమే గాని, గాలం వేసేవారికి ఆ మిట్టే వరం, ఎందుకంటే లోతు నుంచి మెరకకు మారే ఆ అంచు వెంబడే చిన్నచేపలు మేస్తాయి, వాటి కోసం పెద్దచేప ఆ వాలులో కాపు వేస్తుంది. తూము ముందరి గుంత, మరవ పక్కనున్న రాళ్లు, నీట మునిగిన నల్లతుమ్మ మొదళ్లు, తామరాకుల గుంపుకూ ఖాళీ నీటికీ మధ్య ఉండే గీత, ఇవన్నీ అటువంటి చోట్లే. తేట నీటిలో ఎండ పైకెక్కిన కొద్దీ చేప నీడ కోసం వెతుక్కుంటుంది. పది గంటలు దాటాక ఖాళీ నీటిలో గాలం వేయడం వల్ల ప్రయోజనం తక్కువ.

ఈ చోట్లను తెలుసుకోవడానికి సీమలో ఒక సదుపాయం ఉంది, ఏడాదంతా నిండుగా ఉండే సరస్సుల దగ్గర అది దొరకదు. ఏప్రిల్, మే నెలల్లో చెరువులు అడుగంటినప్పుడు లోపలికి నడిచి వెళ్లి, పాత వాగు దారి ఎక్కడ వంపు తిరిగిందో, ఏ గుంతలో చివరిదాకా నీరు నిలిచిందో, బండలు ఎక్కడ గుంపుగా ఉన్నాయో చూసి, కట్ట మీది చెట్టునో తూమునో గుర్తుగా పెట్టుకుని కాగితం మీద గీసుకుంటే, మళ్లీ నీరు నిండాక ఆ పటమే దారి చూపుతుంది. వేసవిలో శ్రీశైలం జలాశయం తగ్గినప్పుడు సంగమేశ్వర ఆలయం నీటిలో నుంచి బయటపడినట్టే, ప్రతి చెరువూ ఎండకు తన అడుగును కొంతైనా చూపిస్తుంది.

తేట నీరు ఎక్కడ దొరుకుతుందన్నదీ కొంత ఊహించవచ్చు. కృష్ణ వరద జూలై నుంచి శ్రీశైలానికి ఒండ్రుతో వస్తుంది. ఆ నీరు పోతిరెడ్డిపాడు దగ్గర కాలువలోకి మళ్లి, బానకచర్ల మీదుగా వెలుగోడు జలాశయంలో ఆగి, తెలుగుగంగ కాలువ వెంట కడప జిల్లాలోని బ్రహ్మంసాగర్ చేరుతుంది. నీరు నిలిచిన ప్రతిచోటా కొంత మట్టి దిగిపోతుంది కాబట్టి, దారిలో దూరం పోయిన కొద్దీ నీరు తేరుకుంటుంది. నంద్యాల, కోవెలకుంట్ల ప్రాంతపు నల్లరేగడి మీద పారిన వాననీరు మాత్రం తేటపడటానికి ఎక్కువ కాలం తీసుకుంటుంది, ఎందుకంటే బంకమన్ను రేణువులు అతి సన్నవి.

గాలం సరంజామాలో డాంబికం అక్కరలేదు. సుమారు ఏడడుగుల కర్ర, చిన్న చక్రం, గట్టి అల్లిక దారం చాలు. అయితే అల్లిక దారం తేట నీటిలో స్పష్టంగా కనిపిస్తుంది గనుక, దాని కొసకు నాలుగైదు అడుగుల పారదర్శకమైన దారాన్ని కలపాలి. ఫ్లోరోకార్బన్ అనే రకం దారం కాంతిని వంచే తీరు మామూలు నైలాన్ కంటే నీటికి దగ్గరగా ఉండడం వల్ల అంత తేలికగా కంటపడదు. ఎరగా రబ్బరు కప్ప మేలు: దాని కొక్కేలు వీపుకు ఆనుకుని పైకి తిరిగి ఉండడం వల్ల నాచులో, ఆకుల్లో చిక్కుకోదు, చేప నోరు నొక్కినప్పుడే అవి బయటపడతాయి. తళతళలాడే రంగులు గాలికి అలలు లేచిన రోజుకో మబ్బు పట్టిన రోజుకో పనికొస్తాయి గాని, నిలకడైన తేట నీటిలో చెరువు కప్పల రంగైన మాసిన ఆకుపచ్చ, గోధుమ రంగులే నమ్మదగినవి. బతికున్న కప్పను కొక్కేనికి గుచ్చే అలవాటును మానుకోవడం మంచిది. అది క్రూరమే కాక, బోదురుకప్ప వంటి జాతులకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ కల్పిస్తోంది.

రబ్బరు కప్పను చేప మీద వేయకూడదు. వలయం పుట్టిన చోటికి ఐదారడుగులు అవతల పడేలా విసిరి, అది పడినప్పుడు లేచిన అలలు పూర్తిగా అణిగేదాకా ఆగి, ఒక అడుగు లాగి మళ్లీ ఆపుతూ, చేప దారికి అడ్డంగా తీసుకురావాలి. ఎరను వెంబడించే కొర్రమీను నీటి మీద బాణపు మొన ఆకారంలో సన్నని అలను లేపుతుంది. అది చూసి కంగారుపడి వేగంగా లాగితే చేప తిరిగిపోతుంది. నీరు భళ్లున చిమ్మి కప్ప మాయమైనప్పుడు కూడా వెంటనే గుంజకూడదు, దారం బిగుతుగా కదలడం చేతికి తెలిసేదాకా ఒక్క క్షణం ఓర్చుకుని, అప్పుడు గట్టిగా ఒక లాగు లాగి, చేప మొక్కల్లోకి దూరకుండా తల పైకే పట్టి ఉంచాలి. కొత్తవారి చేతి నుంచి చేపలు ఎక్కువగా జారిపోయేది ఆ ఒక్క క్షణం ఓపిక లేకనే. ఒడ్డుకు చేర్చాక చేతులు తడుపుకుని పట్టుకోవాలి, పళ్లు వాడివి కనుక కొక్కేన్ని పట్టకారుతో తీయాలి.

వానలు మొదలయ్యాక కొర్రమీను ఈనే కాలం వస్తుంది. ఒడ్డు పక్క మొక్కలను తొలగించి చేసుకున్న గూటిలో తేలే గుడ్లను తల్లీతండ్రీ చేపలు కాపలా కాస్తాయి. పుట్టిన పిల్లలు నారింజ ఎరుపు రంగులో ముద్దగా గుమిగూడి, ఒకటి తరువాత ఒకటి గాలి కోసం పైకి లేస్తూ ఉండడంతో, ఆ చోట నీరు సన్నగా ఉడుకుతున్నట్టు కనిపిస్తుంది; వాటి కిందే పెద్దచేప ఉంటుంది, దగ్గరకు వచ్చిన దేనినైనా కరుస్తుంది. ఆకలితో కాదు, పిల్లల కోసం. ఆ ముద్ద మీదికి కప్పను విసిరితే తేట నీటిలో ఇంతకంటే సులువైన వేట ఉండదు, ఇంతకంటే చేయకూడని వేటా ఉండదు, ఎందుకంటే కాపలా పోయిన పిల్లలను ఇతర చేపలు, పక్షులు ఇట్టే తినేస్తాయి, ఒక్క చేపతో పాటు ఒక తరమే పోతుంది. ఎర్రని ముద్ద కనిపించిన చోటును వదిలి చెరువులో మరోవైపు వెళ్లడమే సరైన పని.

బయలుదేరే ముందు నీరు ఎవరి ఆధీనంలో ఉందో అడగాలి. చాలా చెరువుల్లో చేపల హక్కును మత్స్యకార సహకార సంఘాలకు లీజుకిస్తారు. బొచ్చె, శీలావతి పిల్లలను వదిలి, వాటి మీదే ఏడాది బతుకు ఆధారపడిన ఆ కుటుంబాల అనుమతి లేకుండా ఒక్క గాలం వేసినా అది దొంగతనమే అవుతుంది. పేలుడు పదార్థాలతో గాని విషంతో గాని చేపలను చంపడాన్ని 1897 నాటి భారత మత్స్య చట్టమే నేరమన్నది. మహానంది వంటి క్షేత్రాల కోనేళ్లలో నీరు ఎంత తేటగా ఉన్నా అవి వేటకు కావు. శ్రీశైలం జలాశయం ఒడ్డున కొంత భాగం పులుల అభయారణ్యంలో ఉన్నందున అటవీశాఖ నిషేధించిన చోట గాలం పట్టుకుని తిరగకూడదు, అనుమతి ఉన్న ఒడ్డున కూడా మొసళ్లు తిరిగే నీరు కనుక, కొక్కెం ఎక్కడ చిక్కుకున్నా దారాన్ని తెంచుకోవాలే తప్ప నీటిలోకి దిగకూడదు.