కంగారు పుట్టించే కెమెరా... గుబులు రేపే గొంతు!

విశాఖపట్నం: ఆర్కే బీచ్ ఇసుక మీద నిలిపి ఉన్న 'కురుసుర' జలాంతర్గామిలోకి దూరి చూసిన పల్లెవాసులకు ఒక సంగతి వెంటనే తెలిసిపోతుంది. దాని పొడవు 91 మీటర్లు. అయినా లోపల ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకు ఒదగాల్సిందే. ఒక గదిలోంచి మరో గదిలోకి పోవాలంటే గుండ్రటి కంతలోంచి తల వంచి, కాలెత్తి దాటాలి. కిటికీ అన్నది లేదు. ఈ తలుపు మూసుకుపోతే? అన్న ఊహ రాగానే అరచేతులు చెమరుస్తాయి. 1969 నుంచి 2001 వరకు నౌకాదళంలో పనిచేసి, 2002లో మ్యూజియంగా మారిన ఈ ఓడలో ఇప్పుడు భయపడాల్సిందేమీ లేదు. అయినా గుబులు పుడుతుంది.

ఈ గుబులునే తెర మీద పుట్టించడం ఎలా? సెల్ ఫోన్లు వచ్చాక లఘుచిత్రం తీయడం పల్లె కుర్రకారుకూ అందుబాటులోకి వచ్చింది. అయితే కంగారు చూపించాల్సి వస్తే చాలామంది చేసే పని ఒక్కటే. కెమెరాను అటూ ఇటూ ఊపడం, డప్పులు దద్దరిల్లించడం, వెనక నుంచి ఒక గొంతు భీకరంగా అరవడం. దాంతో చూసేవారికి తలనొప్పి వస్తుందే గాని గుండె దడ రాదు.

ఘాజీ నేర్పిన పాఠం

విశాఖ వాసులకు ఘాజీ పేరు కొత్త కాదు. 1971 యుద్ధంలో డిసెంబరు 3, 4 తేదీల నడుమ రాత్రి ఈ తీరానికి చేరువలోనే పాకిస్తాన్ జలాంతర్గామి 'ఘాజీ' మునిగిపోయింది. అందులోని 90 మందికి పైగా సిబ్బందిలో ఒక్కరూ బతకలేదు. దీపాలార్పుకుని, కిటికీలు కప్పుకుని కూర్చున్న ఆనాటి రాత్రుల గురించి పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ ఉదంతం ఆధారంగా సంకల్ప్ రెడ్డి మొదట యూట్యూబు కోసం చిన్న చిత్రం తీద్దామనుకున్నారు. చివరకు అది 2017లో 'ఘాజీ' పేరుతో పూర్తి నిడివి సినిమాగా వచ్చింది. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు కూడా అందుకుంది. కెమెరా మది పట్టారు. తెలుగు చిత్రానికి వెనక నుంచి కథ చెప్పే గొంతు చిరంజీవిది.

కథలో ఎక్కువ భాగం ఇనుప గొట్టాల మధ్యనే నడుస్తుంది. మనుషుల ముఖాలు తెర నిండా ఉంటాయి. వాటి వెనక ఖాళీ చోటు కనబడదు. దాంతో కుర్చీలో కూర్చున్న ప్రేక్షకుడికీ ఊపిరాడనట్టుంటుంది. పైగా శత్రువు కంటికి కనిపించడు, చెవికి వినిపిస్తాడు. నీటి అడుగున శబ్దాన్ని పట్టే యంత్రం దగ్గర కూర్చున్న మనిషి ముఖం చూసే, రాబోయేది మంచో చెడో మనం ఊహించుకోవాలి.

ఇదే పనిని 1981లో జర్మన్లు 'దస్ బూట్' అనే జలాంతర్గామి చిత్రంలో చేశారు. కెమెరామన్ యోస్ట్ వకానో చిన్న కెమెరాను చేతపట్టి, నావికుల వెంట ఆ ఇరుకు దారిలో పరుగెత్తారు. మరీ ఊగిపోకుండా కెమెరాకు గైరోస్కోపులు బిగించుకున్నారు. మనిషి పరుగెత్తాడు కాబట్టి కెమెరా పరుగెత్తింది. కారణం లేకుండా కదల్లేదు. రాంగోపాల్ వర్మ 1992లో తీసిన 'రాత్రి'లోనూ కనిపించని శక్తి కళ్లతో చూస్తున్నట్టు కెమెరా నడుస్తుంది. అక్కడా ఆ నడకకు కారణముంది.

గొంతు పెంచితే భయం పోతుంది

బుర్రకథ విన్నవారికి ఈ రహస్యం తెలిసిందే. యుద్ధఘట్టంలో కథకుడు గొంతెత్తుతాడు. చావు కబురు చెప్పే ముందు మాత్రం తంబురా ఆపి, గొంతు తగ్గిస్తాడు. కూర్చున్న జనమంతా ముందుకు వంగేది అప్పుడే.

ఫ్రాన్సులో అలెన్ రెనే 1955లో 'నైట్ అండ్ ఫాగ్' అనే 32 నిమిషాల చిత్రం తీశారు. హిట్లర్ మనుషులు లక్షలాది మందిని చంపిన నిర్బంధ శిబిరాల గురించిన చిత్రమది. పాత ఫొటోల నడుమ, గడ్డి మొలిచిన ఆ ఖాళీ శిబిరాల వెంబడి కెమెరా నింపాదిగా సాగిపోతుంది. వ్యాఖ్యానం రాసిన జాన్ కైరోల్ స్వయంగా అలాంటి శిబిరంలో ఖైదీగా ఉండి వచ్చినవారు. అయినా చదివే గొంతు ఎక్కడా ఏడవదు, అరవదు. అంత నెమ్మదిగా చెబుతుంటేనే వినేవారి ఒళ్లు జలదరిస్తుంది.

అదే దేశంలో క్రిస్ మార్కర్ 1962లో తీసిన 'లా జెటే' ఇంకా విచిత్రం. 28 నిమిషాల చిత్రం దాదాపు అంతా కదలని ఫొటోలే. ఒక్కచోట మాత్రం నిద్ర లేచిన స్త్రీ కళ్లు తెరుస్తుంది. కథంతా ఒక్క గొంతు చెబుతుంది. పెద్ద ఖర్చు లేకుండా, ఫొటోలతో, మాటతో కూడా గుండె దడ పుట్టించవచ్చని ఈ చిత్రం చెబుతోంది.

ఐదు నిమిషాల్లో ఇలా

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను ఊపేసింది. కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి. గాలి హోరు ఒక భయమైతే, అయినవాళ్ల కబురు తెలియకపోవడం అంతకు మించిన భయం. ఎదురుచూపులోని ఆ కంగారు మీద ఒక చిత్రం తీయాలనుకోండి.

వేటకెళ్లిన పెనిమిటి కోసం చూస్తున్న జాలరి ఇల్లాలు. తుపాను సముద్రాన్ని చూపించనక్కర్లేదు. కెమెరాను గుమ్మానికి ఎదురుగా కదలకుండా పెట్టి, తలుపు మీదే అరనిమిషం నిలపాలి. ఆమెను తెర మధ్యలో కాక ఒక పక్కకు ఉంచి, వెనక చీకటి గదిని ఖాళీగా వదలాలి. పొయ్యి మీద అన్నం పొంగుతుంది, ఆమె దించదు. గొళ్లెం గాలికి చప్పుడు చేస్తుంది. ఆమె లేస్తుంది. అప్పుడే కెమెరా కూడా కదిలి, ఆమె వెనకే గుమ్మం దాకా వెళ్లాలి.

వెనక వినిపించే గొంతు 'నాకు భయంగా ఉంది' అనకూడదు. ముఖంలో కనిపించేదాన్ని మళ్లీ చెబితే మాట వృథా. ఆ గొంతు ఇంటి లెక్కలు చెప్పాలి. బియ్యం ఇంకా రెండు రోజులకొస్తాయి, నూనె రేపటితో సరి, పిల్లాడికి పలక కొనాలి అంటూ మామూలుగా సాగాలి. ఒక లెక్క మధ్యలో ఆగిపోవాలి. ఆ ఆగిన చోటే ప్రేక్షకుడి గుండె గుభేలుమంటుంది.

గొంతు రికార్డు చేసేటప్పుడు ఫోనును నోటికి జానెడు దూరంలో ఉంచుకుని, దుప్పటి కప్పుకుని మెల్లగా మాట్లాడితే గది మోత తగ్గుతుంది. మాట మనసులోంచి వచ్చినట్టుంటుంది.

గొంతు అబద్ధమాడితే?

ఈ విద్యలో ప్రమాదమూ ఉంది. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ విషవాయువు లీకై ఆర్.ఆర్. వెంకటాపురం చుట్టుపక్కల జనాన్ని కమ్మేసింది. 12 మంది చనిపోయారు. రోడ్ల మీద నడుస్తూనే కూలిపోయిన మనుషుల దృశ్యాలు ఫోన్లలో దేశమంతా తిరిగాయి. వాటికి వ్యాఖ్యానమే అక్కర్లేకపోయింది. ఆ రాత్రి మళ్లీ లీకైందన్న కబురు పాకడంతో జనం పిల్లా పాపలతో ఇళ్లు వదిలి రోడ్డెక్కారు. అలాంటి రాత్రి ఏదో ఒక పాత దృశ్యానికి వణుకుతున్న గొంతు జోడించి ఫోన్లలో వదిలితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

ఘాజీ సంగతే చూడండి. 'రాజ్‌పుత్' యుద్ధనౌక వేసిన బాంబులకే అది మునిగిందని మన నౌకాదళం చెబుతుంది. లోపలి పేలుడు వల్ల మునిగిందని పాకిస్తాన్ అంటుంది. సినిమా మాత్రం నీటి అడుగున రెండు జలాంతర్గాములు పోరాడినట్టు కథ అల్లింది. కల్పితమని ముందే చెప్పి తీశారు కాబట్టి తప్పు లేదు. కాని వెనక నుంచి నిబ్బరంగా చెప్పే గొంతును జనం ఇట్టే నమ్ముతారన్న సంగతి చిత్రం తీసేవారు మరవకూడదు.

కెమెరా కంగారు పుట్టిస్తుంది, గొంతు దాన్ని నిజమనిపిస్తుంది. కథైతే కథ అని చెప్పాలి, జరిగిందైతే జరిగినంతే చెప్పాలి. గ్యాసును, గాలివానను అనుభవించిన ఈ ఊరి జనం చూసి, ఔను, ఆ రాత్రి ఇలాగే ఉంది అనుకుంటే ఆ చిత్రం నెగ్గినట్టే.