చిన్న కమతానికి మొదటి ట్రాక్టర్: ఎకరాలు కాదు, గంటలు లెక్కపెట్టండి

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంత చిన్న, సన్నకారు రైతుల కోసం



కాలువ నీళ్లు వదిలిన వారం మీకు తెలిసిందే. ఊరంతా ఒక్కసారే కరిగెట మొదలుపెడుతుంది. ఊళ్లో ఉన్న నాలుగు ట్రాక్టర్లు పెద్ద రైతుల పొలాల్లోనే తిరుగుతుంటాయి. మూడెకరాల రైతుకు "రేపు వస్త" అన్న మాటే మిగులుతుంది. ఈలోగా నారు ముదిరిపోతుంది. అప్పుడే చాలామంది మనసులో "మనకూ ఒక చిన్న ట్రాక్టర్ ఉంటే?" అన్న ఆలోచన పుడుతుంది.

ఆలోచన మంచిదే. కానీ పంట డబ్బులు ఆర్నెల్లకోసారి వస్తాయి, కిస్తీ మాత్రం తేదీ తప్పకుండా వస్తుంది. రెండు కిస్తీలు తప్పితే బండిని గుంజుకుపోయే పరిస్థితి. అందుకే సంతకం పెట్టే ముందు ఈ కాగితం ఒకసారి పూర్తిగా చదవండి, ఇంట్లోవాళ్లకు కూడా చదివి వినిపించండి.

1. పథకం ఏమిటి?

వ్యవసాయ యంత్రాలకు సబ్సిడీ ఇచ్చే ప్రధాన పథకం వ్యవసాయ యాంత్రీకరణ ఉప మిషన్. దీన్ని అందరూ "స్మామ్" అంటారు. 2014-15 నుంచి నడుస్తోంది. ఖర్చులో కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం భరిస్తాయి.

• చిన్న, సన్నకారు రైతులు, ఎస్సీ, ఎస్టీ రైతులు, మహిళా రైతులు: 50 శాతం వరకు
• మిగతా రైతులు: 40 శాతం వరకు

ఒక హెక్టారు, అంటే సుమారు రెండున్నర ఎకరాల లోపు భూమి ఉంటే సన్నకారు రైతు. రెండు హెక్టార్లు, అంటే సుమారు ఐదెకరాల లోపు ఉంటే చిన్న రైతు. పట్టాదారు పాస్‌బుక్ ఇంటి ఆడవాళ్ల పేరు మీద ఉంటే దరఖాస్తు కూడా వాళ్ల పేరు మీదే పెట్టండి.

గమనిక: "50 శాతం వరకు" అన్న మాటలో "వరకు" ముఖ్యం. ప్రతి యంత్రానికీ ఒక గరిష్ఠ పరిమితి ఉంటుంది. ఉదాహరణకు బండి ధర 5,25,000 రూపాయలు, పరిమితి 2,00,000 అనుకుందాం. సగం ధర 2,62,500 అయినా మీకు వచ్చేది 2,00,000 మాత్రమే. మిగతా 3,25,000 మీరే కట్టాలి. రోటవేటర్, ట్రాలీ, కేజ్‌వీల్స్, బీమా, రిజిస్ట్రేషన్ ఖర్చులు వేరు.

ఏ ఏడాది ఏ యంత్రాలకు, ఎన్నింటికి సబ్సిడీ ఉంటుందన్నది జిల్లాకు వచ్చిన కేటాయింపును బట్టి మారుతుంది. ఈసారి జాబితాలో ట్రాక్టర్ ఉందా, లేక రోటవేటర్, పవర్ టిల్లర్, పవర్ వీడర్ వంటివే ఉన్నాయా అన్నది ముందుగా మీ రైతు వేదికలో వ్యవసాయ విస్తరణ అధికారిని (ఏఈవో) అడగండి.

2. ముందు గంటల లెక్క

"నాకు నాలుగెకరాలు ఉంది, ట్రాక్టర్ కొనొచ్చా?" అని చాలామంది అడుగుతారు. ఎకరాలను బట్టి జవాబు చెప్పలేం. ఏడాదిలో బండి మీ పొలంలో ఎన్ని గంటలు నడుస్తుందో చూడాలి.

చిన్న ట్రాక్టర్‌కు సరిపడేది నాలుగు అడుగుల రోటవేటర్. గంటకు మూడు కిలోమీటర్ల వేగంతో నడిపితే, మలుపులు, ఆగడాలు కలుపుకొని, ఎకరం ఒక సాలు పూర్తికావడానికి దాదాపు గంటన్నర పడుతుంది. నాలుగెకరాల వరి రైతు లెక్క ఇలా ఉంటుంది:

• ఒక పంటకు మూడు సాళ్లు: ఎకరానికి 4.5 గంటలు
• నాలుగెకరాలకు: 18 గంటలు
• వానాకాలం, యాసంగి కలిపి: 36 గంటలు
• ఎరువు, వడ్లు, గడ్డి తోలడానికి: సుమారు 20 గంటలు
• మొత్తం ఏడాదికి: 56 గంటలు

ఏడాదికి కిస్తీలన్నీ కలిపి 90,000 రూపాయలు అనుకుందాం. 56 గంటలతో భాగిస్తే గంటకు 1,600 రూపాయలు దాటుతుంది. ఇందులో డీజిల్ లేదు, ఆయిల్ లేదు, డ్రైవర్ కూలీ లేదు. మీ ఊళ్లో కిరాయి రేటు పక్కన ఈ అంకె రాసుకొని చూడండి. కిరాయి తక్కువైతే, ఒక్క మీ పొలం కోసం బండి కొనడం నష్టమే.

అదే అన్నదమ్ములు ముగ్గురివి కలిపి పదెకరాలు ఉంటే ఏడాదికి 140 గంటల పని దొరుకుతుంది. అప్పుడు గంటకు కిస్తీ భారం 650 రూపాయల లోపుకు దిగుతుంది. బండి అదే, కిస్తీ అదే. మారింది గంటలు మాత్రమే.

కిరాయికి నడుపుతామని లెక్క వేసుకునేవాళ్లు ఒక మాట గుర్తుంచుకోండి. అందరికీ పని పడేది ఆ పది, పదిహేను రోజుల్లోనే. అప్పుడు మీ పొలమూ ఎదురుచూస్తుంటుంది. "ఏడాదికి 300 గంటలు కిరాయి దొరుకుతది" అని ఎవరైనా చెబితే, ఏ నెలలో, ఎవరి పొలంలో అని అడిగి పేర్లతో సహా రాసుకోండి.

3. మీ నేల, మీ పంట ఏం అడుగుతోంది?

జగిత్యాల వైపు మామిడి తోటలు: చిన్న ట్రాక్టర్ బాగా పనికొచ్చేది ఇక్కడే. ఎత్తు తక్కువ కాబట్టి కొమ్మల కింద దూరుతుంది. తక్కువ జాగాలో మలుగుతుంది. పూత సమయంలో తేనెమంచు పురుగుకు మందు కొట్టే స్ప్రేయర్‌ను వెనక పీటీవోకు తగిలించి నడపొచ్చు. చెట్టు పాదుల దగ్గర మాత్రం రోటవేటర్ లోతుగా దింపొద్దు, పీచు వేర్లు తెగుతాయి. పొగ గొట్టం పైకి ఉందా, పక్కకు ఉందా చూసుకోండి. పైకి ఉంటే కొమ్మలకు తగులుతుంది.

కోరుట్ల, మెట్‌పల్లి వైపు పసుపు: నేల మెత్తగా దున్నడం, బోదెలు తోలడం, పెంట తోలడం చిన్న బండితో అవుతుంది. మొక్క ఎదిగాక సాళ్ల మధ్యకు బండి పోదు. తవ్వకం అసలు పరీక్ష. గట్టిపడ్డ నేలలో లోతుగా దిగే పరికరాన్ని లాగాలంటే బలం, బరువు రెండూ కావాలి. తవ్వే పరికరానికి ఎన్ని హెచ్‌పీ కావాలో అమ్మేవాళ్లను ముందే అడగండి. మీ బండి చాలకపోతే ఆ రెండు రోజుల పనికి పెద్ద ట్రాక్టర్‌ను కిరాయికి పిలవడమే నయం. దాని కోసం 20 హెచ్‌పీ ఎక్కువున్న బండి కొని ఏడాది పొడుగునా కిస్తీ కట్టొద్దు.

సిరిసిల్ల వైపు వరి, పత్తి: మధ్యమానేరు నీళ్లు వచ్చాక వరి పెరిగింది, మెట్ట చెలకల్లో పత్తి కూడా ఉంది. పత్తి రైతులు టేపు పట్టుకొని రెండు కొలతలు తీయాలి: సాళ్ల మధ్య దూరం, బండి బయటి వెడల్పు. సాళ్లు మూడడుగుల దూరంలో ఉండి, బండి కూడా మూడడుగుల వెడల్పు ఉంటే సాలులో తిరగదు. సాలును కాళ్ల సందున పెట్టుకొని నడవాలి. మొక్క బండి పొట్టకు తగిలే ఎత్తుకు వచ్చాక అదీ కుదరదు. ఆ తర్వాత పవర్ వీడరో, ఎడ్ల గుంటకో కావాల్సిందే.

వరి మడి ఎక్కడిదైనా: కరిగెట చేసిన మడిలో దిగి నడిచి చూడండి. పిక్క వరకే దిగితే చిన్న బండి నడుస్తుంది. మోకాలు దాటితే చక్రాలు చిన్నవి కాబట్టి దిగబడుతుంది. దాన్ని బయటకు లాగడానికి మళ్లీ పెద్ద ట్రాక్టరే రావాలి.

4. హెచ్‌పీ అంటే ఏది?

షోరూంలో చెప్పేది ఇంజిన్ హెచ్‌పీ. రోటవేటర్‌ను తిప్పేది మాత్రం బండి వెనక తిరిగే ఇరుసు, అంటే పీటీవో. అక్కడికి వచ్చేసరికి బలం కొంత తగ్గుతుంది. సబ్సిడీ జాబితాలో కూడా పీటీవో హెచ్‌పీనే చూస్తారు. కాబట్టి రెండు అంకెలూ అడిగి రాసుకోండి.

• నాలుగు అడుగుల రోటవేటర్‌కు: సుమారు 25 హెచ్‌పీ బండి
• ఐదు అడుగులకు: 35 నుంచి 40 హెచ్‌పీ
• ఆరు అడుగులకు: 45 నుంచి 50 హెచ్‌పీ

దేశంలో ట్రాక్టర్లను పరీక్షించే కేంద్ర ప్రభుత్వ సంస్థలు ఉన్నాయి. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో ఒకటి, మనకు దగ్గరగా అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఒకటి. పీటీవో బలం, ఎత్తే బరువు, డీజిల్ ఖర్చు పరీక్ష నివేదికలో ఉంటాయి. "ఈ మోడల్ పరీక్ష నివేదిక చూపించండి" అని డీలర్‌ను అడిగే హక్కు మీకుంది.

రెండు చక్రాల డ్రైవా, నాలుగు చక్రాలదా? వరి మడిలో ఎక్కువ పని ఉంటే నాలుగు చక్రాల డ్రైవ్ పట్టు ఇస్తుంది, తక్కువ జారుతుంది. ధర, మరమ్మతు ఎక్కువ. మామిడి తోట, మెట్ట చెలక మాత్రమే అయితే రెండు చక్రాలది చాలు.

తోలడం సంగతి: ఎకరానికి 25 క్వింటాళ్ల వడ్లు పండితే 40 కిలోల బస్తాలు 62 దాటుతాయి. టన్నున్నర మోసే చిన్న ట్రాలీలో ఒకసారికి 37 బస్తాలే పడతాయి. ఎకరం పంటను కొనుగోలు కేంద్రానికి చేర్చడానికి రెండు తిప్పలు. కేంద్రం దగ్గరుంటే ఫరవాలేదు, దూరమైతే ఆలోచించాలి.

5. షోరూంలో ఏం చేయాలి?

• బండిని మీ పొలానికే తెప్పించండి. మీ మడిలో, మీరు కొనబోయే రోటవేటర్‌తోనే ఎకరం దున్నించండి. రోడ్డు మీద నడిపి చూపిస్తే ఒప్పుకోవద్దు.
• డీజిల్ లెక్క: ట్యాంకు నిండా పోయించి దున్నించండి. అయిపోయాక మళ్లీ నిండా పోయించండి. పట్టినంత డీజిల్ ఆ ఎకరం ఖర్చు.
• జీఎస్టీ: 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్లపై జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పన్నుకు ముందు ధర 5,00,000 అయితే పాత లెక్కలో 5,60,000, కొత్త లెక్కలో 5,25,000. కొటేషన్‌లో పన్ను ఎంత వేశారో వేలు పెట్టి చూపించమనండి.
• మెకానిక్ ఎక్కడ ఉంటాడు? కరిగెట రోజుల్లో బండి ఆగితే పార్టు జగిత్యాలలోనో, సిరిసిల్లలోనో దొరుకుతుందా, హైదరాబాద్ నుంచి రావాలా? అదే మోడల్ వాడుతున్న ఇద్దరు రైతులను కలిసి అడగండి.
• కిస్తీ: నెల నెలా కాకుండా పంట చేతికొచ్చే సమయానికి ఆర్నెల్లకోసారి పెట్టమని బ్యాంకును అడగండి. ఖాళీ కాగితాల మీద సంతకం చేయొద్దు.

6. దరఖాస్తు ఎలా?

ఆధార్, పట్టాదారు పాస్‌బుక్, బ్యాంకు పాస్‌బుక్ నకళ్లు, ఫొటోలు తీసుకొని ఏఈవోను గానీ మండల వ్యవసాయ అధికారిని గానీ కలవండి. ఎస్సీ, ఎస్టీ రైతులు కుల ధ్రువీకరణ పత్రం కూడా తీసుకెళ్లండి. మంజూరు కాగితం చేతికి రాకముందే బండి కొనొద్దు, షోరూంలో అడ్వాన్సు కట్టొద్దు. "సబ్సిడీ నేను ఇప్పిస్త, ఇంత ఇయ్యి" అనే మధ్యవర్తిని నమ్మొద్దు. దరఖాస్తు ఇచ్చాక రసీదు అడిగి తీసుకోండి.

7. కొనకపోయినా దారి ఉంది

మీ లెక్కలో ఏడాదికి వంద గంటలు కూడా రాకపోతే చిన్నతనంగా అనుకోవద్దు. మీ ముందు మూడు దారులున్నాయి:

• పవర్ వీడర్, పవర్ టిల్లర్ లాంటి చిన్న యంత్రం సబ్సిడీ మీద తీసుకోవడం
• ముగ్గురు, నలుగురు రైతులు కలిసి ఒక బండి కొని, ఎవరి పొలం ఏ రోజు అన్నది, డీజిల్ ఎవరిది, మరమ్మతు ఎవరిది అన్నది ముందే కాగితం మీద రాసుకోవడం
• దగ్గర్లో యంత్రాలు కిరాయికి ఇచ్చే కేంద్రం ఉంటే సీజన్‌కు ముందే పేరు రాయించుకోవడం

సలహా కావాలంటే జగిత్యాల దగ్గర పొలాసలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలో అడగవచ్చు.

8. ప్రాణం ముఖ్యం

మడిలో నుంచి ఒడ్డు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు లేచి బండి వెనక్కి తిరగబడే ప్రమాదం ఉంది. ఒడ్డును ముందుగా చదును చేయండి, చిన్న గేరులో ఎక్కండి. పీటీవో తిరుగుతుండగా కండువా, చీర కొంగు దగ్గరికి పోనీయొద్దు. మడ్‌గార్డు మీద పిల్లలను కూర్చోబెట్టొద్దు. కేజ్‌వీల్స్‌తో రోడ్డెక్కొద్దు, రోడ్డు పాడవుతుంది, జరిమానా పడుతుంది.

సంతకానికి ముందు ఈ ఐదు అంకెలు రాసుకోండి

1. ఏడాదికి నా సొంత పని: ____ గంటలు
2. ఖాయంగా దొరికే కిరాయి: ____ గంటలు
3. సబ్సిడీ పోను నేను కట్టేది, పనిముట్లతో కలిపి: ____ రూపాయలు
4. ఏడాది కిస్తీ ÷ మొత్తం గంటలు: గంటకు ____ రూపాయలు
5. మా ఊళ్లో కిరాయి: గంటకు ____ రూపాయలు

నాలుగో అంకెకు డీజిల్ ఖర్చు, డ్రైవర్ కూలీ కలపండి. అది ఐదో అంకె కంటే తక్కువగా ఉంటే ధైర్యంగా ముందుకు పోండి. కొంచెం ఎక్కువైనా, అదునుకు పని అయితే మిగిలే పంటను లెక్కలోకి తీసుకొని ఇంట్లో అందరూ కూర్చొని మాట్లాడుకోండి. చాలా ఎక్కువైతే ఈ ఏడాదికి ఆగండి. ట్రాక్టర్ వచ్చే ఏడాది కూడా దొరుకుతుంది. అప్పుల కింద పోయిన భూమి మాత్రం మళ్లీ దొరకడం కష్టం.