ఇటెన్ బడిలో చెట్లు

తూర్పు ఆఫ్రికాలోని కెన్యా దేశం నడుమగా భూమధ్యరేఖ పోతుంది. అయినా అక్కడి ఇటెన్ అనే చిన్న పట్టణంలో తెల్లవారుజామున చలి వేస్తుంది. ఆ ఊరు ఒక పెద్ద లోయ అంచున, సముద్రమట్టానికి 2,400 మీటర్ల ఎత్తున ఉన్నది. మన ఊటీ కంటె కూడా ఎత్తు!

ఆ ఊళ్ళో సెయింట్ పాట్రిక్స్ అనే మగపిల్లల హైస్కూలు ఉన్నది. ఐర్లండు నుంచి వచ్చిన పాట్రీషియన్ సోదరులనే కాథలిక్ సన్యాసులు 1960ల ఆరంభంలో దాన్ని పెట్టారు. బడి ఆవరణలో కొన్ని చెట్లున్నాయి. అక్కడ చదివి, పరుగుపందాలలో లోకాన్ని గెలిచిన వారి పేర వాటిని నాటారు.

1976లో ఆ బడికి కోలం ఓకానెల్ అనే యువకుడు భూగోళం చెప్పడానికి వచ్చాడు. మూడు నెలలు ఉండి పోదామని వచ్చినవాడు దశాబ్దాలపాటు ఉండిపోయాడు. పరుగు నేర్పడం ఆయనకు బొత్తిగా తెలియదు. పిల్లలకు పరుగు నేర్పుతూ వచ్చిన ఇంగ్లీషు ఉపాధ్యాయుడు వెళ్ళిపోయాక ఆ పని ఈయన మీద పడింది. తెలియనివాడు ఏం చేస్తాడు? చూస్తాడు. పిల్లలు పరుగెత్తుతూంటే అడుగు ఎలా పడుతున్నదీ, చేతులు ఎలా ఊగుతున్నదీ చూస్తూ నేర్చుకున్నాడు.

పిల్లలూ, నేను కూడా హెడ్మాస్టరునే. పరీక్షలు దగ్గరపడితే ఆటల గంటను లెక్కలకు ఇచ్చేసిన వాణ్ణి. ఈయన సంగతి చదివినప్పుడల్లా ఆ గంటలు గుర్తుకొస్తాయి.

అంత ఎత్తున గాలి పలచన. ఒక్కొక్క ఊపిరికి మనకు అందే ప్రాణవాయువులో నాలుగింట మూడు వంతులే అక్కడ అందుతుంది. దాన్ని ఒడిసిపట్టడానికి ఒంట్లో ఎర్ర రక్తకణాలు పెరుగుతాయి. అటువంటివారు పల్లానికి దిగి పరుగెత్తితే త్వరగా ఆయాసపడరు. ఇదే అసలు రహస్యమంటారు కొందరు. కాని ఎత్తైన ఊళ్ళు లోకంలో ఎన్ని లేవు! అన్నిచోట్లా ఇందరు విజేతలు పుట్టలేదే!

ఇబ్రహీం హుసేన్ ఆ బడి విద్యార్థే. 1987లో న్యూయార్కు మారథాన్ గెలిచాడు. ఆ పందెం గెలిచిన మొదటి ఆఫ్రికావాసి అతనే. మరుసటి ఏడు సియోల్ ఒలింపిక్స్‌లో పీటర్ రోనో 1,500 మీటర్ల పరుగులో బంగారు పతకం గెలిచాడు. అప్పటికి అతనికి 21 ఏళ్ళు. 1992లో బార్సిలోనాలో మాథ్యూ బిరిర్, అడ్డుకర్రలూ నీటిగుంటలూ దాటుతూ పరుగెత్తే 3,000 మీటర్ల పందెం గెలిచాడు. విల్సన్ కిప్‌కెటర్ అనే మరొక విద్యార్థి పెద్దయ్యాక డెన్మార్కు తరఫున పరుగెత్తి, 1997లో 800 మీటర్లను 1 నిమిషం 41.11 సెకన్లలో ముగించాడు.

ఆ రికార్డు 13 ఏళ్ళు నిలిచింది. 2010లో దాన్ని దాటినది డేవిడ్ రుడీషా. అతను చదివింది ఇటెన్‌లోనే మరొక బడిలో గాని, పరుగు నేర్చుకున్నది మాత్రం కోలంగారి దగ్గరే. ఒక శిష్యుడి రికార్డును మరొక శిష్యుడు కొట్టేశాడన్నమాట! 2012లో లండన్ ఒలింపిక్స్‌లో రుడీషా తన రికార్డును తానే దాటి, 1 నిమిషం 40.91 సెకన్లకు దించి బంగారు పతకం గెలిచాడు.

ఆ సాయంత్రం గురువుగారు లండనులో లేడు. ఇటెన్‌లోనే, టెలివిజన్ ముందు కూర్చుని ఆ పరుగు చూశాడు.