సెలవులకు ముందు పరీక్షా, సెలవుల తర్వాత పరీక్షా?

పరీక్షల టైంటేబుల్ నోటీసు బోర్డు మీద పెట్టగానే పిల్లలు ముందు వెతికేది గ్యాప్ కోసం. లెక్కలకి ముందు ఆదివారం పడిందా, గండం గట్టెక్కినట్టే. లెక్కలూ సైన్సూ వెంటవెంటనే వచ్చి, ఆ ఆదివారం కాస్తా తేలికపాటి సబ్జెక్టుకి పోయిందా, ఇక ఆ రోజంతా తరగతిలో అదే గోల. తర్వాత చూసేది ఆఖరి పరీక్ష ఎప్పుడు, సెలవులు ఎప్పటి నుంచి అన్నది. పెద్దవాళ్లం పరీక్షల గురించి ఒకసారి, సెలవుల గురించి ఒకసారి మాట్లాడుకుంటాం. పిల్లల లెక్కలో అవి విడివిడి సంగతులు కావు. ఏది ముందు, ఏది వెనక అన్నదాన్ని బట్టి రెండింటి రుచీ మారిపోతుంది.

ఎలా మారుతుందో తెలంగాణలో వరసగా రెండేళ్లు చూశాం. 2023లో మొదటి సమ్మేటివ్ పరీక్షలు, అదే పిల్లల మాటలో ఎస్‌ఏ-1, అక్టోబరు 5 నుంచి 11 వరకు జరిగాయి. 13 నుంచి 25 వరకు దసరా సెలవులు. మరుసటి ఏడాది పండగ ముందుకొచ్చింది. 2024లో అక్టోబరు 2 నుంచి 14 వరకు సెలవులు ఇచ్చారు, ఎస్‌ఏ-1 మాత్రం 21న మొదలైంది. రెండేళ్లూ పదమూడు రోజులే. బతుకమ్మ అదే, జమ్మి ఆకు అదే, అమ్మమ్మ ఊరు అదే. కానీ బడికెళ్లే పిల్లకి ఆ రెండు సెలవులూ ఒకటి కావు.

మొదటి ఏడాది ఆఖరి పరీక్ష రాసి ఇంటికి రాగానే బ్యాగు మూలన పడేసింది, పదమూడు రోజులు దాని జిప్పు తీయలేదు. రెండో ఏడాది ఆ బ్యాగు కూడా బస్సెక్కి అమ్మమ్మ ఊరు చేరింది. అక్కడ అరుగు మీద కూర్చుని గునుగు పూలకి రంగులద్ది ఎండబెడుతుంటే లోపలికీ బయటికీ తిరిగే పెద్దవాళ్లలో ఎవరో ఒకరు, "పరీక్షలున్నాయి కదా, చదువుకోవా?" అని అడుగుతూనే ఉంటారు. పిల్ల లేచి వెళ్లి పుస్తకం తీస్తుంది. తంగేడు పూలకి వెళ్తున్న పిల్లల కేకలు వినపడతాయి. పుస్తకం ఒళ్లో, చెవులు వీధిలో. అరగంట తర్వాత చూస్తే అదే పేజీ. చదువూ సాగలేదు, ఆటా దక్కలేదు.

దీన్ని బద్ధకం అనేస్తే అన్యాయం. ఒక పని ముగియకుండా వేలాడుతుంటే మనసు దాని చుట్టూనే తిరుగుతుంది. పెద్దవాళ్లకీ అంతే. సోమవారం ఆడిట్ ఉన్న ఉద్యోగి ఆదివారం సినిమాకి వెళ్లినా, సగం మనసు ఆఫీసులోనే ఉంటుంది. పిల్లలకైతే పదమూడు రోజులూ ఆ ఆదివారమే.

ఈ సంగతి 2020లో పదో తరగతి పిల్లలకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదేమో. తెలంగాణలో ఆ ఏడాది మార్చి 19న పరీక్షలు మొదలయ్యాయి. మూడు రాశారో లేదో, కరోనాతో ఆగిపోయాయి. మిగిలినవి ఎప్పుడు పెడతారో, అసలు పెడతారో లేదో తెలియదు. ఇక పరీక్షలు లేవు, అందరూ పాసే అన్న కబురు జూన్ 8న గానీ రాలేదు. రెండున్నర నెలలకు పైగా ఇంట్లోనే ఉన్నారు, కానీ అవి సెలవులని ఒక్కరూ అనలేదు. హాల్‌టికెట్ పుస్తకంలో పెట్టుకుని ఎదురుచూశారు. తర్వాత కొద్ది రోజులకే ఆంధ్రప్రదేశ్‌లోనూ రద్దు చేశారు. బడి మూసేసినంత మాత్రాన సెలవు అయిపోదని ఆ ఏడాది చూపించింది.

ఇక జ్ఞాపకం సంగతికి వద్దాం. "సెలవుల్లో అంతా మర్చిపోయి వస్తారు" అని టీచర్లంటారు. "పరీక్ష రాసిన రోజే మర్చిపోయాం" అని పిల్లలంటారు. ఇద్దరి మాటలోనూ నిజముంది. 1885లో హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త తన మీద తానే చేసుకున్న ప్రయోగాలను అచ్చు వేశాడు. అర్థం లేని అక్షరాల ముక్కల జాబితాలు కంఠతా పట్టి, కొంత వ్యవధి ఇచ్చి, మళ్లీ నేర్చుకోవడానికి ఎంత శ్రమ తగ్గిందో కొలిచాడు. గంట గడిచేసరికే సగానికి పైగా ఆవిరి. ఒక రోజుకి మూడో వంతు మిగిలింది. నెల గడిచాక అయిదో వంతు. గమనించారా, పెద్ద నష్టమంతా మొదటి రోజే. ఆ తర్వాత జారుడు నెమ్మదిస్తుంది. మన పిల్లలు చదివేది అర్థం లేని అక్షరాలు కాదు కాబట్టి అంత దారుణంగా ఉండదు. కానీ అర్థం చేసుకోకుండా గైడు చూసి బట్టీ పట్టిన జవాబుకి, ఆ అక్షరాల ముక్కలకి తేడా ఎంత? ముందురోజు రాత్రి రుబ్బి మర్నాడు పేపరు మీద దించేసిన పాఠం సాయంత్రానికి పోతుంది. దానికి దసరా సెలవుల్ని తప్పుపట్టి లాభం లేదు.

మరి నిలబెట్టేదేమిటి? ఇందులో పిల్లలకి నేరుగా పనికొచ్చే ప్రయోగం ఒకటుంది. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకి చిన్న పాఠాలు ఇచ్చారు. కొందరు పాఠాన్ని నాలుగు విడతలు చదివారు. కొందరు ఒక్క విడత చదివి, మిగతా మూడు విడతలూ చూడకుండా గుర్తున్నదంతా కాగితం మీద రాశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే నాలుగు విడతలు చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే తలకిందులైంది. చదివిన వాళ్లకి నూటికి 40 పాళ్లు గుర్తుంటే, చూడకుండా రాసిన వాళ్లకి 61. చదువుతున్నప్పుడు అంతా వచ్చేసినట్టే ఉంటుంది, ఆ నమ్మకం మోసం చేస్తుంది. పుస్తకం మూసి తడుముకున్నప్పుడే ఎంత వచ్చో తెలుస్తుంది, తడుముకున్నదే గట్టిపడుతుంది.

ఇది మనకి కొత్తేమీ కాదు. వీధిబడుల రోజుల్లో దసరా వచ్చిందంటే పిల్లలు విల్లంబులూ గిలకలూ పట్టుకుని పంతులుగారి వెంట ఇల్లిల్లూ తిరిగేవారు. నేర్చుకున్న పద్యాలూ పాటలూ ప్రతి వాకిట్లో చూడకుండా పాడేవారు. పంతులుగారికి కట్నం, పిల్లలకి పప్పు బెల్లాలు. పండగే అది. అయినా ఊరంతా తిరిగి ఇరవై ముప్పై వాకిళ్లలో అప్పజెప్పిన పద్యం ఇక మర్చిపోవడమంటూ ఉంటుందా? పరీక్షలా అనిపించని పరీక్ష అది. పాత బడులన్నీ బంగారమని నేననను, కోదండం లాంటి శిక్షలు కూడా ఆ బడుల్లోనే ఉండేవి. ఈ ఒక్క పని మాత్రం వాళ్లు బాగా చేశారు.

ఇప్పుడు మనం సెలవులకి ఇస్తున్నదేమిటి? హాలిడే హోంవర్కు. ప్రతి పాఠం ప్రశ్నా జవాబులూ మూడేసి సార్లు రాయమని. పుస్తకం తెరిచి ముందు పెట్టుకుని, టీవీ చూస్తూ, చేతితో దించేసే పని. అదీ ఎప్పుడు? బడి తెరిచే ముందురోజు రాత్రి, అక్క ఒక సబ్జెక్టు, అమ్మ ఒక సబ్జెక్టు పంచుకుని. వేళ్లు నొప్పెడతాయి, తలకి ఏమీ ఎక్కదు. నా మాటగా చెప్పాలంటే, ఈ పద్ధతి ఇంక చాలు. పది రోజుల సెలవుకి పది ప్రశ్నలు చాలు, అన్ని పాఠాల నుంచీ కలిపి, పుస్తకం చూడకుండా చేయాల్సినవి. సెలవుల్లో మూడు నాలుగు పూటలు, పూటకి పాతిక నిమిషాలు. మిగతా వేళంతా పిల్లలది.

సెలవులు అందరికీ ఒకలా ఉండవని కూడా ఇక్కడే చెప్పాలి. దసరా నాటికి పత్తి చేతికొస్తుంది. పత్తి పండే ఊళ్లలో సెలవులంటే ఎందరో పిల్లలకి, అందులోనూ ఆడపిల్లలకి, అమ్మతో పాటు చేనుకి వెళ్లి పత్తి ఏరడం. బడి లేకపోతే మధ్యాహ్న భోజనమూ లేదు. ఆ పిల్లకి మూడేసి సార్లు రాయమని ఇచ్చిన హోంవర్కు ఎవరు చేసిపెడతారు? బడి తెరిచాక బెంచీ ఎక్కి నిలబడేదీ ఆ పిల్లే.

ఇక పరీక్షలు ముందు అయిపోయిన సెలవులో దాగిన నష్టం ఒకటుంది, దాన్ని దాదాపు ఎవరూ పట్టించుకోరు. మా పక్కింటి ఎనిమిదో తరగతి అబ్బాయి లెక్కల పేపరు ఓసారి చూశాను. సమీకరణాల్లో అంకెని సమానం గుర్తుకి అటుపక్కకి తీసుకెళ్లేటప్పుడు ప్లస్‌ని మైనస్ చేయాలి. వాడు ఆ గుర్తు మార్చలేదు. ఒక లెక్కలో కాదు, వరసగా అయిదింటిలో. మిగతా పద్ధతంతా సరిగ్గానే ఉంది. పోయిన మార్కులన్నీ ఆ ఒక్క తప్పు వల్లే. ఆ పేపరు వాడి చేతికి ఎప్పుడొచ్చింది? సెలవులు అయిపోయి, బడి తెరిచి, దిద్దడం పూర్తయి, పరీక్ష రాసిన దాదాపు నెలకి. అప్పటికి తరగతిలో వేరే పాఠం నడుస్తోంది. వాడు పై మూలన ఎర్ర సిరాతో వేసిన మార్కులు చూసుకున్నాడు, పక్కవాడివి ఎన్నో అడిగాడు, మడిచి బ్యాగులో పెట్టాడు. తర్వాతి ఫార్మేటివ్ పరీక్షలో మళ్లీ అదే తప్పు.

పరీక్ష వల్ల పిల్లవాడికి దక్కాల్సిన అసలు లాభం ఆ అయిదు ఎర్ర గీతల్లో ఉంది. పరీక్ష రాసిన రెండు మూడు రోజుల్లో, "నేను ఇక్కడ ఏం అనుకుని ఇలా రాశాను" అన్నది ఇంకా గుర్తున్నప్పుడు ఆ పేపరు చేతిలో పడితే ఒక్క పూటలో సరిదిద్దుకునేవాడు. నెల గడిచాక అది ఎవరి పేపరో అన్నట్టుంటుంది. టీచర్ల కష్టం నాకు తెలియనిది కాదు. దిద్దడం, మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించడం, మధ్యలో వేరే డ్యూటీలు. అందుకే ఆఖరి పరీక్షకీ సెలవులకీ మధ్య రెండు పనిదినాలు ఖాళీగా ఉంచమంటున్నాను, దిద్దిన పేపర్లు తరగతిలో కూర్చుని చూసుకోవడానికి. 2023 షెడ్యూలులో 11తో పరీక్షలు ముగిస్తే 13 నుంచి సెలవులు. మధ్య మిగిలింది ఒకే ఒక్క రోజు.

పదో తరగతి వాళ్ల మాట వేరు అంటారు. వాళ్లకి సెలవు అంటేనే ఇంట్లో అందరికీ గుండె దడ. సంక్రాంతికి స్పెషల్ క్లాసులు, ఊరికి పంపకపోవడం, గాలిపటాలు ఎగురుతుంటే కిటికీ మూసేయడం. ఒక్కసారి లెక్క వేసి చూడండి. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో సంక్రాంతి సెలవులు జనవరి 19తో ముగిశాయి. పదో తరగతి పరీక్షలు మార్చి 17న మొదలయ్యాయి. మధ్యలో ఎనిమిది వారాలు. భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులు తాతయ్య ఇంట్లో గడిపితే మునిగిపోయేదేమీ లేదు. పిండి వంటలు తిని, కంటినిండా నిద్రపోయి వచ్చిన పిల్ల ఆ ఎనిమిది వారాలూ నిలకడగా చదువుతుంది. నేర్చుకున్నది మెదడులో కుదురుకోవడంలో నిద్రకి పెద్ద పాత్ర ఉంది. తెల్లవారుజామున నాలుగింటికి లేపి, రాత్రి పదకొండు దాకా కూర్చోబెట్టే బడులు కోసేస్తున్నది ఆ నిద్రనే.

పరీక్షలయ్యాక వచ్చే వేసవి సంగతీ అంతే. 2025లో మార్చి 15 నుంచి ఒంటిపూట బడులు, ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 వరకు 49 రోజుల సెలవులు మామూలు పిల్లలకి. పదో తరగతి రాసినవాళ్లకి ఇంకా ఎక్కువ దక్కాలి. కానీ ఫలితాలు రాకముందే కొన్ని ప్రైవేటు కాలేజీలు ఇంటర్ పాఠాలు మొదలుపెట్టేస్తాయి. ఆఖరి పరీక్ష రాసి చొక్కాల మీద సిరా చల్లుకున్న మరకలు ఇంకా వదలకముందే పిల్లవాడు హాస్టలు గదిలో ఉంటాడు. పదేళ్ల బడి చదువు ముగిసిన పిల్లవాడికి ఒక్క వేసవి పూర్తిగా ఇవ్వలేమా?

అమ్మానాన్నలకి నేను చెప్పేది ఇంతే. పరీక్షలయ్యాక వచ్చిన సెలవైతే మొదటి మూడు రోజులు చదువు మాట ఎత్తకండి. పరీక్షలు ముందున్న సెలవైతే చదివే వేళ ఒకటి, చిన్నది, పొద్దున్నే పెట్టండి. అది అయిపోయాక పూలకి పంపండి, ఇక ఆ రోజుకి మళ్లీ అడగకండి.

టీచర్లకీ ఒక మనవి. ఈసారి సెలవుల ముందు పరీక్షలు పెడితే ఆ పేపర్లు బీరువాలో పెట్టి తాళం వేయకండి. అన్నీ దిద్దడం కుదరకపోతే లెక్కల పేపరు ఒక్కటైనా దిద్ది, ఆఖరి రోజు పిల్లల చేతికిచ్చి పంపండి.