ట్రాక్టరు ఇంజను నిజంగా మార్చారా?

షెడ్డునుంచి ట్రాక్టరు తిరిగివచ్చింది. ఇంజనే మార్చానంటాడు మేస్త్రీ. బానెట్టు ఎత్తి చూస్తే కొత్త రంగు నిగనిగలాడుతున్నది. రంగును చూచి మోసపోకండి. డబ్బా రంగు పూస్తే పాత ఇంజనైనా పెళ్ళికొడుకే! గంటల మీటరు సున్నా చూపినా సాక్ష్యం కాదు, అది ఇంజనులో లేదుగదా.

మరి దేన్ని నమ్మాలి? నంబరును. ఇంజను బ్లాకుమీద కంపెనీవారు నంబరు అచ్చుకొట్టి వుంచుతారు. అది మీ ఆర్‌.సి.లోనూ వుంటుంది. ఛాసిస్ నంబరు వేరు సుమా! బండి షెడ్డుకు తోలేముందే మసి తుడిచి, నంబరుమీద కాగితం ఆనించి పెన్సిలుతో రుద్దండి, అంకెలు దిగుతాయి. తిరిగివచ్చాక మళ్ళీ రుద్దండి. అవే అంకెలు, అదే తీరున వస్తే బ్లాకు మారలేదన్నమాటే. ఆకురాయి పెట్టిన జాడ, వంకర అంకెలు కనబడితే మరీ జాగ్రత్త. అది దొంగసరుకు కావచ్చు.

బ్లాకు వుంచి పిస్టన్లు, లైనర్లు, బేరింగులు మాత్రమే మార్చడమూ కద్దు. అందులో తప్పులేదు. దానికి కొత్త ఇంజను ఖరీదు అడగడమే తప్పు. పాత సామాను ఇమ్మని బండి అప్పగించేనాడే చెప్పండి. బాగా అరిగిన లైనరులో వేలుపెడితే, పైఅంచు దగ్గర చిన్నగట్టు తగులుతుంది.

నిజంగా ఇంజను మారితే కొత్త నంబరు బిల్లులో వ్రాయించుకోండి. ఆర్‌.సి. వివరాలకు బండి భిన్నంగా వుండరాదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం. కనుక రవాణా కార్యాలయం అనుమతితో ఆ నంబరు ఆర్‌.సి.లో ఎక్కించుకొని, బీమా కంపెనీకీ తెలియజేయండి.