సేంద్రియపు పంటలను గూర్చిన భ్రమలు

"చెట్టుమందే గదా, దోషమేమి?" యని రైతు సోదరులు పలువురు మమ్ము నడుగుచుందురు. ఈ తలంపుతోనే వంగతోటపై పొగాకు కషాయము చల్లి, మరునాడే కాయలు కోసి సంతకు పంపువారును గలరు. ఆ కాయలనే తమ బిడ్డలకును వండిపెట్టుదురు. పొగాకులోని నికొటిన్ ఘోరమైన విషము. తడిసిన పచ్చియాకు కోయు కూలీలకు తల తిరిగి వాంతులగుట దానివలననే. అది చర్మముగుండనే లోనికి దిగును. ఆకునుండి పుట్టినంతమాత్రమున సాధువగునా?

వేపగింజల కషాయము దీనికంటె మేలు. 5 కిలోల వేపపప్పును నూరి, రాత్రియంతయు నీట నానబెట్టి, వడగట్టి, 100 లీటర్ల నీటికి సరిచేసి సాయంకాలమున చల్లవలెను. ఎండకు దాని సారము చెడును.

ఇక యూరియా ఒక్క పంటకు మానినంతనే సేంద్రియమని హెచ్చు ధర యడుగువారి సంగతి. 2001లో ఏర్పడిన జాతీయ సేంద్రియోత్పత్తి కార్యక్రమపు నిబంధనలలో ఏటి పైరులకు మార్పుకాలమే సాధారణముగా 2 ఏండ్లు.