కన్నీళ్ళకూ కాంట్రాక్టే!

2008 ఆగస్టు. కలర్స్ ఛానల్లో హిందీ 'బిగ్ బాస్' రెండో సీజను అప్పుడే మొదలయింది. వ్యాఖ్యాత శిల్పాశెట్టి. ఇంట్లో అడుగుపెట్టిన వాళ్ళలో జేడ్ గూడీ అనే ఇంగ్లీషు అమ్మాయి కూడా ఉంది. వచ్చి రెండు మూడు రోజులైనా కాలేదు, ఆమెని లోపలి గదిలోకి పిలిచారు. లండన్ నుంచి ఫోను. గర్భాశయ ముఖద్వార కాన్సర్!

ఇలాంటి కబురు మన ఇంటికొస్తే ఏం చేస్తాం? తలుపు దగ్గరగా వేస్తాం. పిల్లల్ని అవతలికి పంపేస్తాం. పెద్దవాళ్ళెవరో పక్కన కూచుని చెయ్యి పట్టుకుంటారు. జేడ్‌కి ఆ తలుపు లేదు. ఆమె ఆ కబురు విన్నది 'కన్ఫెషన్ రూము'లో. మనసులో మాటలు కెమెరాకి అప్పజెప్పడానికని ప్రత్యేకంగా కట్టిన గది అది!

ఎవరీ జేడ్? మీలో చాలామందిది అప్పటికి పలకా బలపం వయసు గనక చెప్పాలి. దక్షిణ లండన్ పేదింటి పిల్ల. పళ్ళ డాక్టరు దగ్గర నర్సు. 2002లో బ్రిటిష్ 'బిగ్ బ్రదర్'లోకి వెళ్ళింది. తెలిసీ తెలియని మాటలు మాట్లాడితే దేశమంతా నవ్వింది, పత్రికలు పందితో పోల్చాయి. నవ్వుతూనే స్టార్‌ని చేశాయి. 2007లో అదే ఇంట్లో శిల్పాశెట్టిని నానా మాటలూ అంది. జాతి దురహంకారమంటూ 40 వేలకు పైగా ఫిర్యాదులు వెళ్ళాయి. పాట్నాలో దిష్టిబొమ్మలు తగలబెట్టారు. శిల్ప గెలిచింది, జేడ్ క్షమాపణ చెప్పుకుంది. మరుసటి ఏడాదే ఆ జేడ్‌ని శిల్ప షోకి రప్పించారు. పాత గొడవకి రెండో ఆట అన్నమాట!

"ఒప్పుకునే కదండీ వచ్చింది?" ఏ దేశంలో అడిగినా నిర్మాతల జవాబు ఇదే. నిజమే, సంతకం ఉంది. కానీ సంతకం చేసిన రోజున తనది కాన్సరని ఆమెకి తెలుసా? తెలియని దానికి ఒప్పుకోవడం ఏమిటి? సినిమాలో ఏడ్చే నటికి సీను ముందే చెబుతారు. 'కట్' అనగానే గ్లిసరిన్ తుడుచుకుని ఇంటికి పోతుంది. ఇక్కడ కత్తెర ఎడిటింగ్ గదిలో ఉంటుంది. 24 గంటల బతుకులోంచి గంట ముక్క తీసేది వాళ్ళు. ఏ ముక్క ఉంచాలన్నది ఏడ్చిన మనిషి చేతిలో ఉండదు.

ఆ తర్వాత కథ ఇంకా చిత్రం. జబ్బు ముదిరిందని తెలిశాక జేడ్ కెమెరాలకి దూరంగా పారిపోలేదు. తనే రమ్మంది! 2009 ఫిబ్రవరిలో పెళ్ళి చేసుకుని, ఆ వేడుక హక్కులు పత్రికకీ టీవీకీ అమ్మింది. ఇద్దరు చిన్న కొడుకుల భవిష్యత్తు కోసమని బాహాటంగానే చెప్పింది. ఆమెని తప్పు పట్టడానికి నాకైతే నోరు రావడం లేదు. ఏడేళ్ళుగా ఎవరెవరో అమ్ముకున్న సరుకుని చివర్లో తనే బేరం పెట్టుకుంది. బేరం నేర్పిందెవరు మరి?

మార్చి 22న పోయింది. 27 ఏళ్ళు. ఆమెని చూసి ఇంగ్లండులో దాదాపు 4 లక్షలమంది ఆడవాళ్ళు అదనంగా కాన్సర్ పరీక్షకి వెళ్ళారు. అది పెద్ద మేలే, కాదనం. కానీ ఆ పెళ్ళి ఫోటోలు కొన్న 'ఓకే!' పత్రిక ఏం చేసిందో తెలుసా? జేడ్ ఇంకా ఊపిరి పీలుస్తుండగానే '1981-2009' అని అట్ట మీద వేసి నివాళి సంచిక అమ్మకానికి పెట్టేసింది!

బ్రిటన్ కళ్ళు తెరవడానికి మరో పదేళ్ళు పట్టింది. లై డిటెక్టరు పెట్టి మొగుడూ పెళ్ళాల రహస్యాలు లాగే 'జెరెమీ కైల్ షో'లో పాల్గొన్న ఒకాయన 2019లో చనిపోయాక ఆ షో ఎత్తేశారు. పాల్గొనేవాళ్ళ క్షేమం చూసుకోవాలని 2021లో ఆఫ్‌కామ్ నిబంధన తెచ్చింది.

మన తెలుగు 'బిగ్ బాస్' 2017లో జూనియర్ ఎన్టీఆర్‌తో మొదలయింది. ఇంటివాళ్ళు లోపలికొచ్చి వాటేసుకుని భోరుమనే ఎపిసోడ్లు మీరూ చూసే ఉంటారు, కళ్ళు తుడుచుకునే ఉంటారు. "ఇది మాత్రం చూపించకండి" అని లోపలున్న మనిషి అడిగితే వినాలని ఆ కాంట్రాక్టులో రాసుందా? ఇంట్లో మూలమూలా చూపించే కెమెరా ఆ కాగితాన్ని మాత్రం చూపించదు.